గిలకను దాచొద్దు, మనిషిని ఒంటరిగా దవాఖానకు పంపొద్దు

పోయిన పంటకాలంలో మా వాడలో ఒక చావు జరిగింది. మార్కెట్ యార్డులో ఇరవై ఐదేళ్లు బస్తాలు మోసిన మనిషి. వాడంతా ఆయన్ని 'కాక' అనే పిలిచేది. ఎనిమిదేళ్లుగా ఆయన గజ్జల్లో ఉబ్బు ఉంది. ఆ సంగతి ఆయనకు తెలుసు, ఆయన భార్యకు తెలుసు. మూడో మనిషికి తెలియదు. పొద్దున పంచె బిగించి కట్టుకుని యార్డుకు పోయేవాడు. రాత్రి పండుకుని చేత్తో లోపలికి నెట్టుకునేవాడు. "పండుకుంటే పోతది, గిదేం రోగం?" అనేవాడట.

ఒక రాత్రి అది లోపలికి పోలేదు. రాయిలా గట్టిపడింది. కడుపు ఉబ్బింది, వాంతులు మొదలయ్యాయి. ఊళ్లో సూదులేసే ఆరెంపీ వచ్చి గ్యాసు అన్నాడు, సూది వేశాడు. తెల్లారి ఇంకో సూది వేశాడు. పైసలు సర్దుబాటయ్యి ఆటో ఎక్కేసరికి మధ్యాహ్నం. పట్నంలో దవాఖాన మంచం మీదికి చేరేసరికి చీకటి. అప్పటికే పేగు నల్లబడింది. చచ్చిన పేగు కోసి తీశారు. నాలుగో రోజు కాక శవమై వాడకొచ్చాడు.

దినం కాడ అందరి నోటా ఒకటే మాట: "ఆపరేషన్ చేస్తే సచ్చిపోయిండు." మేం ఆ మాట దగ్గరే ఆగిపోయాం. ఎందుకంటే ఆ మాట విన్నవాళ్లలో గజ్జల్లో ఉబ్బు పెట్టుకున్నవాళ్లు ఇంకో నలుగురున్నారు. అందులో ఒకతను దవాఖానకు పోదామని తయారై, ఆ మాటతో మళ్లీ పంచె బిగించుకున్నాడు. కాకను చంపింది ఆపరేషన్ కాదు, ఎనిమిదేళ్ల ఆలస్యం, దాని మీద ఇరవై గంటల ఆలస్యం. ఈ తేడా వాడకు తెలియకపోతే రెండో చావు, మూడో చావు చూడాల్సి వస్తుంది. అందుకే ఈ పక్షం సంపాదకీయంలో గిలక గురించి రాస్తున్నాం.

ఇంతకీ గిలకంటే ఏంది?

గిలక అంటాం, పేగు జారింది అంటాం, డాక్టర్లు హెర్నియా అంటారు. సైకిలు టైరు చూసినవాళ్లకు ఇది చెప్పడం తేలిక. టైరు ఒకచోట చిరిగితే లోపలి ట్యూబు ఆ చిరుగులోంచి బుడగలా బయటికి పొంగుతుంది. మన కడుపు గోడ టైరు లాంటిది, పేగు ట్యూబు లాంటిది. గోడలో కండ బలహీనపడ్డ చోట కొవ్వో పేగో బయటికి తోసుకొస్తుంది. దగ్గినప్పుడు, బరువెత్తినప్పుడు, దొడ్డికి ముక్కినప్పుడు పెద్దదవుతుంది. పండుకుంటే లోపలికి పోతుంది.

మన దగ్గర దీన్ని వరిబీజంతో కలిపేస్తారు. వరిబీజం అంటే బీజాల సంచిలో నీరు చేరడం. అది వేరు, దాని వైద్యం వేరు. ఉబ్బు ఏదైనా ముందు డాక్టరుకు చూపించి ఏమిటో తేల్చుకోవాలి.

బరువులు మోస్తేనే గిలక వస్తుందా? ఒక్క బరువే కారణమని డాక్టర్లు అనరు. పుట్టుకతో ఉండే బలహీనత ఉంటుంది, వయసు ఉంటుంది, ఏళ్ల తరబడి దగ్గు, మలబద్ధకం, ఒంటికి పోవడానికి ముక్కడం ఇవన్నీ ఉంటాయి. బస్తా మోయని బడిపంతులుకీ వస్తుంది. కానీ కుర్చీలో కూర్చున్నవాడి గిలకకు, యాభై కిలోల బస్తా వీపు మీదున్నవాడి గిలకకు తేడా ఉంది. మొదటివాడు నొప్పి రాగానే సెలవు పెట్టి పోతాడు. రెండోవాడు సెలవు పెడితే పొయ్యి వెలగదు. రోగం ఇద్దరికీ ఒక్కటే అయినా ప్రమాదం ఒక్కటి కాదు.

ఆడవాళ్లకూ వస్తుంది, పిల్లలకూ వస్తుంది

గిలక మగవాళ్ల జబ్బనుకుని ఆడవాళ్ల నొప్పిని పట్టించుకోం. మగవాళ్లలోనే ఎక్కువన్నది నిజమే. కానీ ఆడవాళ్లలో గజ్జల కింద తొడ మొదట్లో వచ్చే రకం ఒకటుంది. దాని నోరు ఇరుకు, పేగు తొందరగా బిగుసుకుపోతుంది. స్వీడన్ దేశంలో ప్రతి గిలక ఆపరేషన్‌నూ ఒక రిజిస్టర్‌లో రాసిపెడతారు. అందులో చూస్తే ఈ తొడ రకం ఆపరేషన్లలో మూడో వంతుకు పైగా ప్రాణం మీదికొచ్చాక చేసినవే. మామూలు గజ్జల రకంలో అట్లా చేసినవి ఇరవైలో ఒకటి. కాబట్టి ఆడమనిషికి గజ్జల్లో గడ్డ కనబడితే చూద్దాం, ఆగుదాం అనడానికి లేదు.

పెద్దాపరేషన్‌తో కాన్పయినవాళ్లకు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు ఆ పాత కోత దగ్గరే కడుపు గోడ వదులై ఉబ్బు రావచ్చు. మన అక్కచెల్లెళ్లు నాట్లకు వంగుతూ, చీర కొంగు దోపి ఆ ఉబ్బును దాచుకుంటూ ఏళ్లు గడుపుతున్నారు. అదీ గిలకే.

పసిపిల్లల బొడ్డు ఉబ్బితే భయపడొద్దు. ఎక్కువమందిలో నాలుగైదేళ్ల వయసు వచ్చేసరికి దానంతటదే మూసుకుంటుంది. రూపాయి బిళ్ల పెట్టి గుడ్డ కట్టడం దండగ, చర్మం పుండవుతుంది. కానీ పసివాడి గజ్జల్లో ఉబ్బొస్తే అది దానంతటది మానదు, పేగు బిగిసే ప్రమాదం పెద్దలకంటే ఎక్కువ. వెంటనే పిల్లల ఆపరేషన్లు చేసే డాక్టరుకు చూపించాలి.

ఆగొచ్చా, ఆగకూడదా?

గిలక ఉన్న ప్రతి ఒక్కరూ రేపే కోయించుకోవాలని మేం అనడం లేదు. అమెరికాలో నొప్పి పెద్దగా లేని 720 మంది మగవాళ్ల మీద చేసిన పరిశీలన 2006లో అచ్చయింది. సగం మందికి వెంటనే ఆపరేషన్ చేశారు, సగం మందిని కనిపెట్టి చూస్తూ ఆగారు. ఆగినవాళ్లలో పేగు బిగిసి ప్రాణం మీదికొచ్చినవాళ్లు చాలా అరుదు. కానీ పదేళ్లు తిరిగేసరికి ఆగినవాళ్లలో మూడింట రెండొంతుల మంది నొప్పి పెరిగి ఆపరేషన్‌కే వచ్చారు. అంటే ఆగితే వెంటనే చావు రాదు, అయితే చాలామందికి ఆపరేషన్ తప్పదు కూడా.

ఇంకో సంగతి ఆలోచించండి. ఆ పరిశీలనలో ఆగినవాళ్లకు ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది, దగ్గర్లో దవాఖాన ఉంది, కనిపెట్టి చూసే డాక్టరు ఉన్నాడు. అర్ధరాత్రి వాగు దాటాల్సిన తండాలో, ఆపరేషన్ చేసే డాక్టరు నలభై మైళ్ల దూరంలో ఉన్న పల్లెలో 'ఆగి చూడటం' అనే మాటకు అర్థం వేరు. మన దగ్గర ఆగడమంటే ఎవరూ చూడకుండా ఆగడం. నొప్పి లేకపోయినా ఒకసారి సర్జన్‌కు చూపించి, ఆగొచ్చని ఆయన చెబితేనే ఆగాలి. ఇంటి దగ్గర్నుంచి దవాఖాన ఎంత దూరమో, చేసే పని ఏమిటో ఆయనకు చెప్పి మరీ అడగాలి.

స్వీడన్ రిజిస్టర్‌లో లక్షకు పైగా ఆపరేషన్ల లెక్క తీస్తే తేలింది ఇది. ముందుగా రోజు పెట్టుకుని చేయించుకున్నవాళ్లలో నెల లోపు చావులు మామూలు జనంలో ఉండే చావులకంటే ఎక్కువ లేవు. ప్రాణం మీదికొచ్చాక చేసిన వాటిలో ఏడింతలు. చచ్చిన పేగు కోసి తీయాల్సి వచ్చిన వాటిలో ఇరవై ఇంతలు. కాక కథ ఆ ఇరవై ఇంతల లెక్కలోది.

ఈ గుర్తులు బడి గోడ మీద రాసిపెట్టాల్సినవి: ఎప్పుడూ లోపలికి పోయే ఉబ్బు పోకపోవడం, గట్టిపడి ముట్టుకుంటే ఓర్వలేని నొప్పి, దాని మీద చర్మం ఎర్రగానో నల్లగానో మారడం, వాంతులు, కడుపు ఉబ్బరం, దొడ్డికి గానీ గాలి గానీ పోకపోవడం. వీటిలో ఏది కనబడినా బలవంతంగా లోపలికి నెట్టొద్దు, నెట్టనివ్వొద్దు. విరేచనాల మందు ఇవ్వొద్దు. అన్నం, నీళ్లు పెట్టొద్దు. 108కి ఫోను చేసి ఆపరేషన్ చేసే దవాఖానకే పోవాలి. బిగిసిన పేగుకు రక్తం అందదు. కొన్ని గంటల్లోనే అది చచ్చిపోతుంది. పైసలు తర్వాత చూసుకోవచ్చు.

ఇక బెల్టులు, పసర్లు, వాతలు. బెల్టు ఉబ్బును అదిమి ఉంచుతుంది తప్ప చిరుగును పూడ్చదు. పసరుకూ వాతకూ చిరుగు మూసే శక్తి లేదు. చిరిగిన టైరుకు పసుపు రాస్తే ట్యూబు ఆగుతుందా?

బల్ల ఎక్కక ముందు చేయాల్సింది

ఆపరేషన్ మంచి చెడ్డలన్నీ డాక్టరు చేతిలోనే ఉన్నాయని మనోళ్ల నమ్మకం. సగం మన చేతిలో ఉంది.

బీడీ, చుట్ట, ఖైనీ కనీసం నాలుగు వారాల ముందు మానాలి. పొగ తాగేవాడి గాయం తొందరగా మానదు, చీము పట్టే అవకాశం ఎక్కువ. దగ్గితే కొత్త కుట్ల మీద దెబ్బ పడుతుంది. ఎన్నాళ్లుగానో దగ్గు ఉంటే ముందు గళ్ల పరీక్ష చేయించి క్షయ ఉందో లేదో తేల్చుకోవాలి. రాళ్ల క్వారీల్లో, క్రషర్లలో పనిచేసినవాళ్లు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. దుమ్ముతో ఊపిరితిత్తులు దెబ్బతిని ఉంటే మత్తు ఇచ్చే లెక్క మారుతుంది. సుగరు ఉంటే అదుపులోకి తెచ్చుకోవాలి. రక్తం తక్కువుంటే పెంచుకోవాలి. పెద్ద వయసువాళ్లు ఒంటికి ముక్కి ముక్కి పోతుంటే ఆ గ్రంథి సంగతి ముందు చూపించుకోవాలి.

రోజూ కల్లో సారాయో తాగేవాళ్లు డాక్టరుకు దాచొద్దు. ఎంత తాగుతారో ఉన్నదున్నట్టు చెప్పాలి. సిగ్గుపడి చెప్పకపోతే మత్తు మందు పని చేసే తీరు తప్పుతుంది. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్ కూడా రావచ్చు. గుండెకనో పక్షవాతానికనో రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఆ చీటీ వెంట తీసుకుపోవాలి. సొంతంగా ఆపొద్దు, డాక్టరు ఎప్పుడు ఆపమంటే అప్పుడే ఆపాలి. గతంలో ఏ మందన్నా పడకపోయి ఉంటే చెప్పాలి.

ముందురోజు శుభ్రంగా స్నానం చేయాలి. ఇంట్లో బ్లేడుతో వెంట్రుకలు గీసుకోవద్దు. గీతలు పడ్డ చోటే చీము పడుతుంది, ఆ పని దవాఖానలో వాళ్లు చూసుకుంటారు. ఆపరేషన్‌కు ఆరు గంటల ముందు నుంచి అన్నం తినకూడదు. మంచినీళ్లు ఎప్పటిదాకా తాగొచ్చో మత్తు డాక్టరును అడగాలి. "పొద్దుననంగ పోతే సాయంత్రం దాక బువ్వ పెట్టరు" అని దొంగచాటుగా తినిపించే ప్రేమ మనది. మత్తులో అది గొంతులోకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి దక్కడు.

బల్ల మీద జరిగేది

చాలామందికి నడుము దగ్గర వెన్నులో సూది వేసి కిందిభాగం మొద్దుబారేట్టు చేస్తారు. గజ్జల గిలకకు కోసే చోట మాత్రమే సూది వేసి కూడా చేయొచ్చు. గుండె, ఊపిరి బాగాలేని ముసలివాళ్లకు అది మేలు. కెమెరా పెట్టి చిన్న బెజ్జాల్లోంచి చేసే పద్ధతిలో నొప్పి తక్కువ, పనికి తొందరగా పోవచ్చు. కానీ దానికి పూర్తి మత్తు కావాలి, చెయ్యి తిరిగిన డాక్టరు కావాలి. కోసి చేసింది పాతకాలపు నాసిరకం వైద్యం అనుకోవద్దు. మంచి చేతుల్లో రెండూ మంచివే.

వెనకటి రోజుల్లో చిరిగిన కండను లాగి కుట్టేవాళ్లు. లాగి కుట్టిన గుడ్డ మళ్లీ చిరిగినట్టు గిలక తిరిగొచ్చేది. 1980లలో అమెరికాలో లిక్టెన్‌స్టీన్ అనే డాక్టరు కండను లాగకుండా మెష్, అంటే సన్నటి జాలీ ముక్క, పరిచి కుట్టే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. చిరిగిన టైరు లోపల గేటరు పెట్టినట్టన్నమాట. కండ ఆ జాలీలోకి అల్లుకుని గట్టిపడుతుంది. తిరిగొచ్చే బాధ బాగా తగ్గింది.

అయితే జాలీ ధర పేదవాడికి అడ్డమొచ్చింది. ఇక్కడ మన పక్క రాష్ట్రం డాక్టరు ఒకాయనను తలుచుకోవాలి. మహారాష్ట్రలో ధులే జిల్లా దొండాయిచా అనే చిన్న ఊళ్లో డాక్టర్ టోంగావ్‌కర్ దోమతెర గుడ్డను ముక్కలు చేసి, క్రిములు లేకుండా శుద్ధి చేసి, దాన్నే జాలీగా వాడి ఆ ఫలితాలను 2003లో వైద్య పత్రికలో ప్రకటించారు. చాలామంది నవ్వారు. 2016లో ఉగాండా దేశంలో 302 మంది మగవాళ్ల మీద చేసిన పరిశీలన పేరున్న అమెరికా వైద్య పత్రికలో అచ్చయింది. సగం మందికి కంపెనీ జాలీ, సగం మందికి దోమతెర జాలీ వేశారు. ఏడాది తర్వాత గిలక తిరిగొచ్చింది దోమతెర వైపు ఒక్కరికి, కంపెనీ వైపు ఎవరికీ కాదు. లెక్కల ప్రకారం అది తేడా కింద రాదు. కంపెనీ ముక్క ధర వంద డాలర్లు దాటితే, దోమతెర ముక్క ఖరీదు డాలరు అటూ ఇటూ.

ఇది చదివి ఇంట్లో దోమతెర చింపుకుని పోయేది లేదు. గుడ్డ రకం, శుద్ధి చేసే తీరు డాక్టర్లు తేల్చాల్సినవి. మేం చెప్పదలచింది వేరే ఉంది. "ఈ కంపెనీ మెష్ వేస్తేనే బతుకుతవ్, ఇంకో ముప్పై వేలు తే" అని భయపెడితే వెంటనే చెవి కమ్మలు కుదువ పెట్టొద్దు. ఎందుకు కావాలి, మామూలు దానితో పోల్చితే లాభమేంటి అని అడగాలి.

వేలిముద్రకు ముందు నాలుగు ప్రశ్నలు

మనోళ్లు దవాఖానలో కాగితం చూడగానే బొటనవేలు చాపుతారు. వడ్డీ వ్యాపారి కాగితం మీద వేసిన వేలిముద్ర ఏం చేసిందో తెలిసి కూడా చాపుతారు. ఆ కాగితంలో ఏముందో మన భాషలో చెప్పించుకోవడం మన హక్కు. రోగికి అర్థమయ్యేట్టు చెప్పి తీసుకున్నదే ఒప్పుకోలు అని సుప్రీంకోర్టు 2008లో చెప్పింది.

అడగాల్సినవి నాలుగు. ఏ రకం ఆపరేషన్, ఏ వైపు? ఏ మత్తు? నా ఒంటికి ఉన్న ప్రత్యేకమైన ప్రమాదమేంటి? ఇంటికి పోయాక తేడా వస్తే ఎవరికి ఫోను చేయాలి? కుడి ఎడమలు తారుమారు కాకుండా, మత్తు ఇవ్వకముందే గిలక ఉన్న వైపు పెన్నుతో గుర్తు పెట్టించుకోవాలి. ఇది అనుమానం కాదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన జాగ్రత్తల జాబితాలో ఉన్నదే.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఇప్పుడు తెలంగాణలో అదే పేరుతో, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో ఉంది. ఏ రకం గిలకకు ఏ దవాఖానలో వర్తిస్తుందో పోకముందే 104లో గానీ, దవాఖానలో కూర్చునే ఆరోగ్యమిత్రను గానీ అడగాలి. కేసు కాగితాల నకళ్లు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధన ఉంది. వాటిని జాగ్రత్తగా పెట్టుకోవాలి. రేపు తేడా వస్తే కొత్త డాక్టరుకు అవే దారి చూపిస్తాయి.

ప్రాణం మీదికొచ్చిన మనిషిని మంచాలు లేవని సర్కారు దవాఖాన తిప్పి పంపితే ఏమవుతుంది? 1992లో పశ్చిమ బెంగాల్‌లో రైలు నుంచి పడ్డ ఒక వ్యవసాయ కూలీని ఒకదాని తర్వాత ఒకటి సర్కారు దవాఖానలు చేర్చుకోలేదు. అతని కూలీ సంఘం కోర్టుకు పోయింది. అది బతికే హక్కును కాలరాయడమేనని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పి నష్టపరిహారం ఇప్పించింది. ఆ తీర్పు తెచ్చింది కూలీ సంఘమని మన సంఘాలు యాది పెట్టుకోవాలి.

ఇంటికొచ్చాక

ఉగాండా పరిశీలనలో రెండు వైపులా పది మందిలో ముగ్గురికి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. ఎక్కువ భాగం చిన్నవే. కాబట్టి ఏది మామూలో, ఏది ప్రమాదమో తెలిసి ఉండాలి.

మొదటి వారం కోత దగ్గర నొప్పి, బీజాల సంచి కమిలి నీలంగా అవడం, కోత కింద కొంచెం నీరు చేరి మెత్తగా ఉబ్బడం మామూలు. ఆ ఉబ్బు చూసి "మళ్లొచ్చింది" అని గుండెలు బాదుకోవద్దు, సూదితో గుచ్చనివ్వొద్దు. కోత చుట్టూ కొంత మేర మొద్దుబారినట్టు ఉండొచ్చు. వెన్ను సూది తర్వాత కూర్చుంటే తలనొప్పి, పండుకుంటే తగ్గడం కొందరికి ఉంటుంది. డాక్టరుకు చెబితే మందు ఉంది.

ఆలస్యం చేయకూడనివి ఇవి: ఒంటికి రాకపోవడం, ముఖ్యంగా ముసలివాళ్లకు మొదటి రోజు. జ్వరం, కోత ఎర్రబడి వేడెక్కడం, చీము. ఉబ్బు గంట గంటకూ పెరగడం. పిక్క వాచి నొప్పెట్టడం, ఆయాసం. వాంతులు, కడుపు ఉబ్బరం. బీజం విపరీతంగా నొప్పెట్టడం. ఇవి కనబడితే ఆపరేషన్ చేసిన చోటికే పోవాలి. ఊళ్లో సూది వేయించుకుని రెండ్రోజులు చూద్దామంటే కాక కథే మళ్లీ. జాలీకి చీము పడితే ఒక్కోసారి దాన్నే తీసేయాల్సి వస్తుంది.

ఇంకో నిజం కూడా చెప్పాలి. పది మందిలో ఒకరికి మూడు నెలలు దాటినా గజ్జల్లో బాధపెట్టే నొప్పి మిగలొచ్చు. నరం ఒరుసుకోవడం వల్ల వచ్చేది అది. పని ఎగ్గొట్టే నాటకం అని మేస్త్రీ అంటే నమ్మొద్దు. దానికీ వైద్యం ఉంది, మళ్లీ చూపించుకోవాలి. కొద్దిమందికి గిలక తిరిగి రావచ్చు.

ఆపరేషన్ రోజునే లేచి నాలుగు అడుగులు వేయాలి. మంచానికి అతుక్కుంటే రక్తం గడ్డకట్టే ప్రమాదం. పథ్యం పేరుతో ఉప్పు లేని గంజి పోసి మాడ్చొద్దు. పప్పు, గుడ్డు, ఆకుకూర పెట్టాలి, నీళ్లు బాగా తాగించాలి. ముక్కే పని పడకూడదు.

వాటా ఎవరిస్తారు?

ఇక అసలు సంగతి. మామూలు పనులకు ఒళ్లు ఓర్చుకున్నంత తొందరగా పోవచ్చు. బస్తాలు మోసేవాళ్లను మాత్రం డాక్టర్లు నాలుగు నుంచి ఆరు వారాలు ఆగమంటారు. డాక్టరు ఆ మాట చీటీ మీద రాస్తాడు. ఆ ఆరు వారాలు ఇంట్లో ఏం వండాలో ఏ చీటీ మీదా ఉండదు. పదో రోజునే పనిలోకి పోయినవాళ్లను మేం చూశాం. వాళ్లకు జాగ్రత్త తెలియక కాదు, బియ్యం అయిపోయి పోయారు.

జబ్బు పడ్డ కార్మికుడికి విశ్రాంతి కూలి ఇవ్వాలన్నది కొత్త ఊహ కాదు. బాబాసాహెబ్ వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా ఉన్న 1942–46 కాలంలోనే, 1944లో, ఆదార్కర్ నివేదిక ఆరోగ్య బీమా గురించి చెప్పింది. 1948లో కార్మిక రాజ్య బీమా చట్టం వచ్చింది. జబ్బు సెలవులో జీతంలో కొంత భాగం ఫ్యాక్టరీ కార్మికుడికి దక్కింది. యార్డు హమాలీ, మట్టి పని కూలీ, నాట్లేసే అక్క ఆ గేటు బయటే ఉండిపోయారు. 2019 డిసెంబరులో ఆంధ్రలో ఆరోగ్య ఆసరా మొదలైనప్పుడు ఆపరేషన్ తర్వాత విశ్రాంతికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా ఇస్తామన్నారు. విశ్రాంతి కూడా వైద్యంలో భాగమేనని ఒక సర్కారు కాగితం మీద ఒప్పుకున్న సంగతి అది. ఏ సర్కారు ఉన్నా, ఏ పేరు పెట్టినా, రెండు రాష్ట్రాల్లోనూ ప్రతి కూలీకీ అది హక్కుగా దక్కాలని మన సంఘాలు అడగాలి. యార్డు కమిటీలను అడగాలి, కమీషన్ దుకాణాలను అడగాలి.

సర్కారు ఇచ్చేదాకా ఊరుకోవాలా? కాక చనిపోయిన మూడు నెలలకు, మళ్లీ పంచె బిగించుకున్న ఆ తమ్ముడి ముఠా యార్డులో కూర్చుని మాట్లాడుకుంది. ముఠాలో పన్నెండు మంది. సాయంత్రం వచ్చిన కూలిని పన్నెండు వాటాలు చేసుకుంటారు. "ఆయన లేకున్నా పన్నెండు వాటాలే చేద్దాం" అన్నాడు అందరికంటే చిన్నవాడు. తమ్ముడు ముందు నెలలో బీడీ మానేశాడు. ఆపరేషన్‌కు ఇద్దరు వెంట పోయారు. ఒకరు కాగితాలు చదివి వినిపించారు, ఒకరు రాత్రి కాపలా ఉన్నారు. నాలుగో రోజు సంచి కమిలితే భయపడి ఫోను చేశారు, మామూలేనని డాక్టరు చెప్పాడు. ఐదు వారాలు పన్నెండో వాటా రోజూ సాయంత్రం వాళ్లింటికి చేరింది. ఆరో వారం ఆయన యార్డుకొచ్చాడు. మొదటి వారం కాటా దగ్గర లెక్క రాసే పని ఇచ్చారు, బస్తా ముట్టనివ్వలేదు.

అన్నలారా, అక్కలారా! ఈ పత్రిక అందిన పదిహేను రోజుల్లో మీ వాడలో ఒక సాయంత్రం కూర్చోండి. మగవాళ్లు వేరుగా, ఆడవాళ్లు వేరుగా కూర్చుంటే మాట బయటికొస్తుంది. ఎవరి ఒంట్లో ఉబ్బుందో పేర్లు రాయండి, పిల్లల పేర్లూ రాయండి. ఒక రోజు పెట్టుకుని అందరూ కలిసి సర్జన్ దగ్గరికి పోండి. ప్రతి ముఠా, ప్రతి కూలి గుంపు విశ్రాంతి వాటా గురించి తీర్మానం చేసుకోండి. ఆ తీర్మానాలు మాకు రాయండి, వచ్చే సంచికల్లో వేస్తాం.

కాక వాటా మనం ఇవ్వలేకపోయాం. ఆయన ఎనిమిదేళ్లు అడగలేదు, మనమూ అడగలేదు. ఇకనైనా అడుగుదాం.

జై భీమ్.